లారీలోంచి ఊపిన చెయ్యి

హమీదున్నీసా ఇరవై ఏళ్ళుగా ఒక పేరును మనసులో దాచుకుని తిరుగుతోంది. చుట్టం పేరు కాదు, పక్కింటివాళ్ళ పేరు కాదు. డ్రమ్మండు. లెస్టర్ డ్రమండ్ అని పలకాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా మార్చుకునేది కాదేమో. మొగుడు ఇస్రార్ ఫోన్లో ఎలా పలికాడో అలాగే ఉంచుకుంది.

ఇస్రార్ రాయచోటి వాడు. కడప, బెంగుళూరు మధ్య లారీ తోలి తోలి, కువైట్ పోయి, అక్కడ ఒక కంపెనీలో చేరాడు. ఇరాక్‌లో యుద్ధం మొదలయ్యాక ఆ కంపెనీ అమెరికా సైన్యానికి డీజిల్ చేరవేసే పని పట్టింది. ట్యాంకర్లు తోలడానికి మనవాళ్ళు, నేపాల్ వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు. ఇస్రార్‌కు యుద్ధం మీద భయం ఉందో లేదో గానీ సినిమా మీద పిచ్చి మాత్రం నిండా ఉండేది. లారీ ఎక్కే ముందు అద్దంలో తల దువ్వుకోందే బండి స్టార్ట్ చేసేవాడు కాదు.

చివరిసారి ఫోన్ చేసిన రోజు అతని గొంతు ఆనందంతో పగిలిపోతోంది.

"హమీదా, హాలీవుడ్డు డైరెక్టరు వచ్చినాడే! పేరు డ్రమ్మండు. పెద్దపెద్ద సినిమాలు తీసినోడంట. యుద్ధమొచ్చినాక మిలిటరీ బట్టలేసుకోని, సైన్యం కోసరం సినిమాలు తీస్తాండాడు. రేపు మా లారీల మింద తీస్తాడంట!"

చంకలో పసిపిల్ల ఏడుస్తోంది. హమీదున్నీసా పిల్లను ఊపుతూ నవ్వింది.

"అన్ని లారీల్లో నువ్వు యాడుండావో నాకెట్ల తెలుస్తాది?"

"తెలుస్తాదిలే."

"తెల్దు. చెయ్యి ఊపు. అప్పుడు నువ్వేనని కనుక్కుంటా."

"సరే, నీ కోసం ఊపుతా. పాపకు చూపించు" అన్నాడు ఇస్రార్.

ఆ తర్వాత వచ్చింది అతను కాదు, మేకులు కొట్టిన పెట్టె. తెరవకూడదన్నారు. పెట్టె వెనకాలే కంపెనీ తరపు మనిషి ఒకడు వచ్చి, టీ తాగి, నలుగురిలో కూర్చుని చెప్పిన మాట ఇది: "మీవాడు పోవాల్సిన దోవన పోలేదు. ఒకసారి దాటేసిన రోడ్డుకే లారీ తిప్పుకోని మళ్ళా వచ్చినాడు. ఆడ బాంబు పెట్టుండారు. డ్రైవర్లు లారీలు ఎందుకు తిప్పుకుంటారో మీకు నేను చెప్పల్నా? డీజిల్ అమ్ముకునేదానికి."

అంతే. ఆ మాట ఊరంతా పాకింది. నమాజు తప్పని ఇంటి పిల్లవాడు డీజిల్ ఇస్రార్ అయిపోయాడు. ఒకసారి క్షేమంగా దాటేసిన చోటికి మనిషి మళ్ళీ ఎందుకు వస్తాడు? ఈ ఒక్క ప్రశ్నకు హమీదున్నీసా దగ్గర జవాబు లేదు. అడుగుదామంటే మిగతా డ్రైవర్లు ఏ దేశాల్లో ఉన్నారో, వాళ్ళ పేర్లేమిటో ఆమెకు తెలియదు.

జవాబు లేనిచోట ఆమె కథలు పెట్టింది. కూతురు ఉమైమా చిన్నప్పుడు అడిగితే, మీ అబ్బా జ్వరమొచ్చి పోయాడని చెప్పింది. కాస్త పెద్దదయ్యాక, దెబ్బ తగిలిన సైనికుణ్ణి కాపాడబోయి పోయాడని చెప్పింది. ఇంకాస్త పెద్దదయ్యాక, కంపెనీ వాళ్ళు మెడల్ ఇచ్చారనీ అది ఇల్లు మారేటప్పుడు పోయిందనీ చెప్పింది. పాపం, తల్లి ప్రాణం. కానీ బళ్ళో పిల్లలు ఉమైమాను "డీజిలూ" అని పిలిచేవాళ్ళు. ఒకనాడు ఆ పిల్ల మోచేతులు గీరుకుపోయి ఇంటికొచ్చింది. ఇంకెప్పుడూ తండ్రి గురించి అడగలేదు. అబ్బా అనే మాటే నోట పలకడం మానేసింది. చెప్పక తప్పనిచోట, ఎవరో పరాయి మనిషిని అన్నట్టు, "ఆయప్ప" అంటుంది.

ఇప్పుడు తల్లీకూతుళ్ళిద్దరూ ఒమన్‌లో, మస్కట్ పక్కనున్న సీబ్‌లో ఉంటారు. హమీదున్నీసా అన్నపూర్ణమ్మ అనే కోస్తా వాళ్ళింట్లో వంట చేస్తుంది. ఉమైమా ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటుంది. వాళ్ళను మస్కట్ రప్పించింది హమీదున్నీసా తమ్ముడు వహీద్. అతనికి అల్ మవాలేలో ఫోటో స్టూడియో ఉంది. బోర్డు మీద స్టూడియో అని రాసుంటుంది గానీ లోపల పాస్‌పోర్టు ఫోటోలు తీసే ఒక గది, ఒక కంప్యూటరు, అంతే సంగతి. అసలు బతుకుతెరువు పెళ్ళి వీడియోలు. పెళ్ళికొడుకును హెలికాప్టర్లోంచి దించడం, వధూవరుల్ని మంచుకొండల మీద నడిపించడం, అత్తగారి నెత్తిన గులాబీరేకులు కురిపించడం వహీద్‌కు వెన్నతో పెట్టిన విద్య. ఆ వీడియోల్లో ఎవరూ మాట్లాడరు, పాటలే వినబడతాయి. కాబట్టి కెమెరాకు మైకు తగిలించడం అతను ఎప్పుడో మానేశాడు. పెళ్ళిలో మాటలు ఎవరిక్కావాలి? బిర్యానీ చాల్లేదని తిట్టుకునే మాట ఒకటి పడిందంటే రెండు కుటుంబాల మధ్య చిచ్చు. సౌండు కట్టేసి, మొహాలు తీసుకుని, పైన పాట వేసి ఇచ్చేస్తాడు. ఇన్నేళ్ళలో ఎవరూ వంక పెట్టలేదు.

ఆ వహీద్‌కు మస్కట్‌లో జరిగే ఒక సినిమా ఉత్సవంలో వీడియో తీసే పని దొరికింది. చవగ్గా వస్తాడని పిలిచారు, దాపరికమెందుకు? పని మాట్లాడుకుని వచ్చిన సాయంత్రం అతను అక్క ఇంట్లో చాయ్ తాగుతూ మామూలుగా అన్నాడు.

"అమెరికా నుంచి ఎవురో ముసలి డైరెక్టరు వస్తాండాడు ఆపా. ఇరాక్ యుద్ధంలో లారీల మింద తీసిన డాక్యుమెంటరీ వేస్తారంట. డ్రమండో ఏందో."

హమీదున్నీసా చేతిలో పిండి ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"డ్రమ్మండు" అంది మెల్లగా.

ఉమైమాను రమ్మని బతిమాలింది. ఆ పిల్ల ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "ఆయప్ప మొగం చూసేదానికి నేను రాను అమ్మీ. నువ్వు పో" అంది. ఎలా పెరిగిందో తెలిసిన తల్లి ఇంకేం అంటుంది?

*

హాల్లో సినిమా దొంగతనంగా రికార్డు చేస్తారన్న భయంతో ఫోన్లన్నీ బయటే వదిలెయ్యమన్నారు. వెనక వరుసలో, స్టాండు మీద పెట్టిన కెమెరా పక్కన, వహీద్ అక్కకు కుర్చీ సంపాదించాడు. ముందు వరుసల్లో సూట్లు, ఒమనీలు తొడుక్కునే తెల్లటి పొడుగు డిష్‌డాషాలు, సెంటు వాసనలు. ఆమె తన నల్లటి అబాయా సర్దుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, చల్లటి ఏసీలో బిగుసుకుని కూర్చుంది.

సినిమా మొదలైంది. ఇసుక, గుడారాలు, సైనికులు బూట్లు దులుపుకోవడం, ఒకడు ఉత్తరం చదువుకోవడం. తర్వాత తెల్లవారుజాము వెలుగులో ఒక మిట్ట. మిట్ట అవతలినుంచి లారీలు ఒకదాని వెనక ఒకటి పైకి వస్తున్నాయి. దుమ్ము బంగారు రంగులో లేస్తోంది. ఎంత బాగుందంటే హాల్లో ఎవరో నిట్టూర్చారు. మొదటి లారీ పోయింది. రెండోది పోయింది. మూడో లారీ కిటికీలో ఇస్రార్ ఉన్నాడు.

ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. అవును, ఇస్రారే. నున్నగా దువ్విన తల. నల్ల కళ్ళద్దాలు. పెట్టె తెరవనివ్వనందుకు ఇరవై ఏళ్ళుగా కలల్లో ముక్కలు ముక్కలుగా కనిపించిన మనిషి, ఇప్పుడు నిండుగా, కాళ్ళూ చేతులతో, తెర మీద లారీ తోలుతున్నాడు.

ఊపు, అనుకుంది. ఇప్పుడు ఊపు.

ఇస్రార్ ఊపలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, మెడ నిటారుగా పెట్టి, రోడ్డు వైపే చూస్తూ వెళ్ళిపోయాడు. నాలుగో లారీ వచ్చింది. సినిమా ఇంకెక్కడికో పోయింది.

సినిమా మిగతా భాగం ఆమె చూడనేలేదు. ఇంత చిన్న మాట ఎందుకు మర్చిపోయాడని ఆమెకు కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద, ఇన్నేళ్ళ తర్వాత, అలిగింది. ఆడది అలగడానికి కూడా మొగుడు ఉండాలి కదా అనిపించి, ఆ మాటకే కళ్ళు నిండాయి.

లైట్లు వేశారు. డ్రమండ్ స్టేజి మీదికి వచ్చాడు. పండిపోయిన మనిషి, చేతికర్ర, ఎర్రటి మొహం, నవ్వే కళ్ళు. చెడ్డవాడిలా లేడు. ఎవరో లేచి, హాలీవుడ్డులో సినిమా తియ్యడానికీ యుద్ధంలో తియ్యడానికీ తేడా ఏమిటని అడిగారు. అతను కుర్చీలో వెనక్కి వాలి చెప్పడం మొదలుపెట్టాడు. వహీద్ కెమెరాను కాసేపు అతని మీద పెట్టి, కాసేపు జనం మీదికి తిప్పుతూ, అక్క చెవిలో తర్జుమా చేశాడు.

"హాలీవుడ్డులో అయితే ఇంకో టేకు తీసుకోవచ్చంట. యుద్ధంలో ఎవుడూ నీ కోసం రెండోసారి చెయ్యడంట... కానీ ఆయన ఒకసారి చేయించినాడంట." వహీద్ నవ్వాడు. "ఆ లారీల షాటు చూస్తిమే, అది రెండో టేకంట! మొదటిసారే బ్రహ్మాండంగా వచ్చిందంట. ఎండ, దుమ్ము, అన్నీ. ఇంతలో ఒక డ్రైవరు, ఇండియావోడంట, కిటికీలోంచి తల బయట పెట్టి..."

స్టేజి మీద డ్రమండ్ చెయ్యి పైకెత్తి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ, చుట్టాల పెళ్ళికొచ్చినవాడిలా చెయ్యి ఊపి చూపించాడు. హాలంతా గొల్లుమంది. వహీద్ కూడా నవ్వాడు.

"షాటు పాడైపాయ. ఆయన వైర్‌లెస్సులో చెప్పినాడంట. అందరినీ వెనక్కి తిప్పండి, మళ్ళా రానీండి, ఆ ఊపేవాడికి చెప్పండి, స్టీరింగు మింద చేతులు తియ్యొద్దని, ముందుకే చూడమని..." డ్రమండ్ చూపుడువేలు గాల్లో గుండ్రంగా తిప్పాడు. "అన్ని లారీలూ తిప్పుకోని మళ్ళా వచ్చినాయంట. నా కోసం యుద్ధం ఆగింది అంటాండాడు. షాటు తీసుకోని, హెలికాప్టరెక్కి..."

వహీద్ గొంతు అక్కడ ఆగిపోయింది. నవ్వు ఇంకా మూతి మీదే ఉంది, దాన్ని ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. అక్క వైపు తిరిగాడు. హమీదున్నీసా లేచి నిలబడి ఉంది. చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు.

అతను మర్చిపోలేదు. ఆమె ఊపమంది, అతను ఊపాడు. ఊపినందుకే వెనక్కి రమ్మన్నారు. రమ్మంటే వచ్చాడు. ఇంతకాలం ఆమె గుండెల్లో కూర్చున్న ప్రశ్నకు జవాబు దొరికింది, దొరికిన జవాబు ఆమె నోట్లోంచి వచ్చిన మాటే.

స్టేజి దగ్గరికి వెళ్ళబోయింది గానీ, జనం డ్రమండ్ చుట్టూ మూగారు, ఉత్సవం వాళ్ళు ఆయన్ను పక్క తలుపులోంచి తీసుకుపోయారు. వహీద్ అక్క భుజం పట్టుకుని, "ఏం కాదు ఆపా. అంతా కెమెరాలో ఉండాది. ఉమైమాకు వినిపిద్దాం. రాయచోటికి పంపిద్దాం. ఊరోళ్ళందరికీ వినిపిద్దాం" అన్నాడు. అక్కడే గోడకు ఆనుకుని, కెమెరాలో తీసినదాన్ని మొదటికి తిప్పి వేశాడు.

బొమ్మ వచ్చింది. ముసలాయన పెదాలు కదులుతున్నాయి. జనం నవ్వుతున్నారు. సౌండు లేదు.

వహీద్ ఒక మీట నొక్కాడు, ఇంకోటి నొక్కాడు. తర్వాత అతనికి గుర్తొచ్చింది. కెమెరా పట్టుకుని గోడవారనే చతికిలబడ్డాడు. "పెళ్ళి అనుకున్న్యా ఆపా" అన్నాడు.

*

ఉమైమా అంతా విన్నది. విన్నాక, తినే పళ్ళెం పక్కకు జరిపింది.

"మొదట జ్వరమంటివి. తర్వాత సైనికుణ్ణి కాపాడినాడంటివి. మెడల్ అంటివి. ఇప్పుడు హాలీవుడ్డు డైరెక్టరా అమ్మీ?"

"నా కూతురి మింద ఒట్టు..."

"నా మింద ఒట్లు వెయ్యొద్దు. ఎన్ని వేసింటివో నాకు తెలుసు."

"ఆయన చెప్పినాడు ఉమైమా, నేను నా చెవుల్తో విన్న్యా" అన్నాడు వహీద్.

"నువ్వా మామూ! పెండ్లికొడుకును ఎడారిలో హెలికాప్టర్లోంచి దించినోడివి నువ్వు. వాళ్ళ నాయన కువైట్లో ఉంటే, పక్కన నిలబడినట్టు అతికించిస్తివి. నీ మాట నేను నమ్మాల్నా?" పిల్ల లేచి నిలబడింది. "నన్ను వదిలెయ్యండి. దొంగ కూతురని అలవాటు చేసుకున్న్యా. మళ్ళా ఆశ పెట్టొద్దండి."

హమీదున్నీసా కూతురి కాళ్ళ దగ్గర కూర్చుంది. చెయ్యి ఊపమన్నది తానేనని చెప్పడానికి నోరు రాలేదు. ఆ ఒక్క ముక్కా మింగి, "ఆయన నోటితోనే విందువు. రేపు ఒక్కసారి రా. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తను" అంది. తల్లి అలా నేల మీద కూర్చోవడం ఉమైమా ఎప్పుడూ చూడలేదు. ఆ పిల్ల విసుక్కుంటూనే సరేనంది.

*

మర్నాడు శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యాక ముగ్గురూ మస్కట్ రేవు దగ్గరున్న మత్రా వెళ్ళారు. డ్రమండ్ దిగిన హోటల్ సముద్రం ఎదురుగానే ఉంది. సాయంత్రం విమానానికి ఆయన వెళ్ళిపోతాడు. ఉత్సవం కోసం చిన్న ఇంటర్వ్యూ అని చెప్పి వహీద్ కాస్త సమయం అడిగి పెట్టుకున్నాడు. ఈసారి కొత్త మైకు కొన్నాడు. రాత్రంతా దాన్ని పరీక్షించి, ఉదయం మళ్ళీ పరీక్షించి, దారిలో కారులో కూడా పరీక్షించాడు.

దారి పొడుగునా అక్కకు ఒకటే చెప్పాడు. "నువ్వెవరో చెప్పొద్దు. ఆ లారీల కథ ఇంకోసారి చెప్పమని నేనడుగుతా. ఆయన చెప్తాడు. చెప్పినాక నీ ఇష్టం."

హమీదున్నీసా తల ఊపింది. అలాగే చెయ్యాలనుకుంది కూడా.

డ్రమండ్ సోఫాలోంచి లేచి, కర్ర ఆనించుకుని, ఆడవాళ్ళిద్దరికీ వంగి నమస్కారం చేశాడు. వహీద్ ఆయన కోటుకు మైకు తగిలించాడు. ముసలాయన హమీదున్నీసా వైపు ఆప్యాయంగా చూసి, ఈ అమ్మ ఎవరని అడిగాడు.

"మై సిస్టర్ సర్" అన్నాడు వహీద్ గబగబా.

అక్కడితో అయిపోవలసింది. కానీ ముసలాయన కళ్ళు మంచివిగా కనిపించాయి ఆమెకు. ఇస్రార్ చివరిగా మనుషుల మధ్య ఉన్నప్పుడు చూసినవాడు ఇతనే. ఇతని దగ్గర దొంగలా కూర్చుని మాట లాక్కోవడమేమిటి? మనిషన్నవాడికి సంగతి చెబితే, నిన్నటికంటే ఎక్కువే చెప్తాడు కదా, తనకు తెలియకనే నవ్వాడు కదా. బతుకంతా అబద్ధాలు చెప్పి చెప్పి విసిగిన మనిషి, నిజం చెప్పాలనిపించిన ఒకే ఒక్క చోట చెప్పేసింది.

సంచీలోంచి ఇస్రార్ ఫోటో తీసి చాపింది. "మై హస్బెండ్. డ్రైవర్. యువర్ పిక్చర్. హి వేవ్." చెయ్యి కొంచెం పైకెత్తి ఊపింది. "సెకండ్ టైమ్ కమింగ్, బాంబ్. డెడ్."

వహీద్ కళ్ళు మూసుకున్నాడు.

డ్రమండ్ ఫోటో అందుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఎర్రటి మొహం తెల్లగా అయ్యింది. పక్కనున్న అమ్మాయి, ఆయన వ్యవహారాలు చూసే మనిషి కాబోలు, వంగి చెవిలో ఏదో చెప్పింది. ఆయన మంచినీళ్ళు అడిగి తాగాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి దొంగనీళ్ళు కావు. చనిపోయాడని తనకు ఎవరూ చెప్పలేదన్నాడు. చాలా బాధగా ఉందన్నాడు. ఆ తర్వాత రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకుని, కెమెరా వైపు చూసి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పాడు.

ఉమైమా తల్లికి తర్జుమా చేసింది. ఆ పిల్ల మొహంలో ఏమీ లేదు.

"లారీలు వాటంతటవే తిరిగొచ్చినాయంట. ఎందుకొచ్చినాయో ఆయనకు తెల్దంట. దోవల సంగతి చూసేది ఆఫీసర్లంట, సినిమావాళ్ళు కాదంట. కెమెరా నడుస్తాంటే తీసుకున్న్యారంట, అంతే." ఊపిరి తీసుకుంది. "ఎవుడో చెయ్యి ఊపినట్టు ఆయనకు గ్యాపకం లేదంట."

వహీద్ కెమెరా పక్కనుంచి ముందుకు వచ్చి, "సర్, నిన్న మీరే కదా సర్, అందరి ముందర..." అన్నాడు. ఆ అమ్మాయి లేచి మధ్యలో నిలబడి, ఆయన ఆరోగ్యం బాగోలేదని చెప్పింది. డ్రమండ్ ఫోటోను రెండు చేతులతో, ఎంతో మర్యాదగా, హమీదున్నీసాకు తిరిగి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఆమె కళ్ళలోకి చూడలేదు. మైకు మాత్రం ఈసారి ఒక్క మాట కూడా పోనివ్వకుండా అన్నీ పట్టింది.

*

బయట సముద్రం పక్కన రాతి అరుగు మీద కూర్చున్నారు. నీళ్ళ మీద నూనె తేలుతోంది. రేవులో ఒక ఓడ కూత వేసింది. జనం సూక్ బజారు వైపు పోతున్నారు, సెల్ఫీలు తీసుకుంటున్నారు. వహీద్ తన నెత్తి తానే కొట్టుకుని, ఇంక కొట్టుకునే ఓపిక లేక ఊరుకున్నాడు. అక్కను తిట్టాలని ఉన్నా, ఆమె మొహం చూసి తిట్టలేకపోయాడు.

తల్లి అరుస్తుందని ఉమైమా ఎదురుచూసింది. ఎప్పుడూ అంతే. అబద్ధం దొరికిపోయిన ప్రతిసారీ హమీదున్నీసా గొంతు పెంచేది, ఒట్లు వేసేది, ఎవరెవరినో సాక్ష్యం పిలిచేది. ఈసారి అలా జరగలేదు. ఆమె ఫోటోను సంచీలో పెట్టుకుని, సంచీ జిప్పు వేసుకుని, ఓడల వైపు చూస్తూ కూర్చుంది. ఓడిపోయిన మనిషిలా కూడా లేదు. అడగడం అయిపోయినట్టు ఉంది.

ఆ మౌనం ఉమైమాకు కొత్తగా ఉంది. భయమేసింది.

"మామూ, నిన్న రాత్రి తీసింది వెయ్యి" అంది.

"దాంట్లో మాటల్లేవు బేటా."

"ఉన్న్యంత వెయ్యి."

వహీద్ కెమెరా చిన్న తెర తెరిచి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఎండ పడకుండా ఉమైమా చున్నీ అడ్డం పెట్టింది.

నిన్నటి ముసలాయన వేరు. కుర్చీలో వెనక్కి వాలి, చేతులు విప్పుకుని, ఆనందంగా ఉన్నాడు. పెదాలు కదిలాయి. సూర్యుణ్ణి చూపించాడు. తర్వాత తల ఒక పక్కకు, కిటికీలోంచి పెట్టినట్టుగా, పెట్టాడు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. చెయ్యెత్తి ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు. కెమెరా పక్కకు తిరిగింది, సూట్లూ డిష్‌డాషాలూ విరగబడి నవ్వుతున్నాయి. మళ్ళీ స్టేజి. ముసలాయన చూపుడువేలు అడ్డంగా ఆడించాడు, కాదు కాదు అన్నట్టు. ఆ వేలినే గాల్లో గుండ్రంగా తిప్పాడు. తిప్పుకోండి. అరచెయ్యి తనవైపు లాక్కున్నాడు. మళ్ళీ రండి. ఏ భాషా రాని డ్రైవరుకైనా తెలిసే సైగ అది. తర్వాత రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, మెడ నిటారుగా పెట్టి, ముందుకే చూశాడు.

కెమెరా మరోసారి జనం మీదికి తిరిగింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. చివర్లో, కెమెరా ఇంకాస్త పక్కకు ఒరిగినప్పుడు, బొమ్మ అంచున దగ్గరగా, నల్ల అబాయాలో ఒక ఆడమనిషి ఒక్కతే నిలబడి ఉంది.

బొమ్మ ఆగిపోయింది.

ఉమైమా చున్నీ తియ్యలేదు. దాని కిందనుంచే అడిగింది.

"తల బయట పెట్టి చెయ్యి ఊపి చూపించినాడే, అది ఎవురు?"

"మీ అబ్బా" అంది హమీదున్నీసా.

"ఎవురికి ఊపినాడు?"

నిన్న మింగిన మాట మళ్ళీ నోటిదాకా వచ్చింది. ఇంకో కథ చెప్పొచ్చు. కెమెరాకు ఊపాడనొచ్చు, సినిమా పిచ్చనొచ్చు, అది అబద్ధం కూడా కాదు. హమీదున్నీసా కూతురి వైపు తిరిగింది.

"నాకు. చెయ్యి ఊపు, నువ్వేనని కనుక్కుంటా అని నేనే చెప్పింటి. నా కోసరం ఊపితే, వెనక్కి రమ్మన్న్యారు. పిలిస్తే వచ్చినాడు, దొంగతనానికి రాలేదు. నేను ఊపమనకపోయింటే ఆ పొద్దు అట్లనే దాటి పోయింటాడు."

ఉమైమా చున్నీ పక్కకు జారిపోయింది. ఆ పిల్ల ఏడవడం తల్లి చూసి చాలా ఏళ్ళయింది, ఎలా ఏడుస్తుందో కూడా మర్చిపోయింది. కాసేపటికి ఉమైమా మోచేత్తో మొహం తుడుచుకుని, కెమెరాను రెండు చేతుల్తో దగ్గరికి తీసుకుంది.

"అబ్బా..." అంది, పలకడం కొత్తగా నేర్చుకుంటున్నట్టు. "మామూ, అబ్బా చెయ్యి ఊపింది ఇంకోసారి వెయ్యి."

వహీద్ మీట మీద వేలు పెట్టాడు. హమీదున్నీసా అరచెయ్యి చాపి ఆ చిన్న తెరను మూసేసింది.

"ఒద్దు" అంది. "ఒకసారి చాలు. దాటి పోనీండి ఆయన్ను."